కొంచాలకు ఐదు స్టార్లు, కార్డు మెషీన్‌కు సున్నా

లాస్ ఏంజిలిస్‌లో ఉంటే ఈ-లైన్ రైలెక్కి మరియాచి ప్లాజాలో దిగండి. పాట కచేరీకి ఎవరైనా పిలుస్తారేమోనని గిటార్లతో కూర్చునే వాళ్ళను దాటుకుని ఫస్ట్ స్ట్రీట్ మీద కాస్త నడిస్తే దాల్చినచెక్క వాసన వస్తుంది. అదే కొట్టు. పేరు మాత్రం రాయను. రాస్తే శనివారం పొద్దున నాకు కొంచాలు, అంటే అక్కడి తీపి బన్నులు, మిగలవు.

ఇది పనదెరియా, అంటే మెక్సికన్ బేకరీ. తలుపు పక్కన ట్రేలు, పట్టకార్లు ఉంటాయి. అద్దాల అల్మారాలోంచి కావలసినవి మనమే తీసుకుని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. దేని మీదా పేరుండదు, ధరుండదు. కార్డు తీసుకోరు. మొదటిసారి ట్రే నిండా నింపుకున్నాక ఆ సంగతి తెలిసి, అన్నీ అక్కడే వదిలేసి ఏటీఎం కోసం పరిగెత్తాను.

కొంచా అంటే గవ్వ. మెత్తటి బన్ను మీద గవ్వ గీతల్లాంటి పంచదార పెచ్చు. పొద్దున ఏడింటికి వెళ్తే ఇంకా వెచ్చగా ఉంటుంది. వేలితో నొక్కితే పెచ్చు పటపటమని చిట్లి, కింద బన్ను నెమ్మదిగా మళ్ళీ పైకి లేస్తుంది. మధ్యాహ్నం వెళ్తే అదే బన్ను రస్కు. గుమ్మడికాయ ఎంపనాడా చూడ్డానికి అచ్చం మా అమ్మ చేసే కజ్జికాయ. లోపల గుమ్మడి గుజ్జు, బెల్లం లాంటి పిలోన్సియో. ఆ పిలోన్సియో, దాల్చినచెక్క వేసి కాచే కాఫె దె ఓయా కోసమైనా వెళ్ళొచ్చు. త్రెస్ లెచెస్ కేకు వద్దు, పాలలో నానిన స్పాంజి. శాకాహారులు ‘మంతెకా?’ అని అడిగి తీసుకోండి. చాలావాటిలో పంది కొవ్వు పడుతుంది.

ఇక కౌంటర్ వెనక బామ్మగారు. మెక్సికోలోని హలిస్కో నుంచి పెళ్ళై వచ్చారట. మొదటి రోజే నాతో స్పానిష్‌లో గడగడా మాట్లాడారు. నేను తెల్లమొహం వేశాను. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి ఏదో అన్నారు. పక్కనున్న మనవరాలు పగలబడి నవ్వింది. ‘నుదుటి మీద నాగజెముడు మొలిచినా స్పానిష్ రాదు’ అన్నారట. చూస్తే మెక్సికన్ మొహం, నోరు తెరిస్తే ఇంగ్లీషు అనే వాళ్ళకు పెట్టే వాత అది. నా నుదుటి మీద ఉన్నది నాగజెముడు కాదు, స్టిక్కర్ బొట్టు. ఇండియా అని చెప్పాక కూడా ఆవిడకు నమ్మకం కుదరలేదు.

అసలు ఆ వాత రోజూ తినేది మనవరాలే. బామ్మ స్పానిష్‌లో అడుగుతారు, పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది, బేరం ఆగదు. అచ్చం నేనూ మా అబ్బాయీ. మెక్సికోలో బంధువుల పిల్లలు తనను ‘పోచా’ అని ఏడిపిస్తారట, అంటే సగం మరిచిపోయిన బాపతు. ఇక్కడేమో ‘అసలు మీదే ఊరు?’ అంటారు. తను చికానా, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ అమ్మాయి, అని చెప్పుకుంటుంది. బామ్మకు ఆ మాట గిట్టదు. ఆవిడ కాలంలో అది తిట్టు.

గల్లాపెట్టె పైన తాతగారి నలుపు తెలుపు ఫోటో ఉంది. ఇక్కడి రూజ్‌వెల్ట్ హైస్కూల్లో చదివారు. 1968 మార్చిలో ఈస్ట్ లాస్ ఏంజిలిస్ స్కూళ్ళ నుంచి వేలమంది పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కినప్పుడు ఈయనా ఉన్నారట. తమ చరిత్ర చెప్పాలి, స్పానిష్ మాట్లాడినందుకు శిక్షించకూడదు అన్నవి వాళ్ళ డిమాండ్లలో కొన్ని. అంత పోరాడిన మనిషి, తన పిల్లలు ఆ దెబ్బలు తినకూడదని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారట. ఇప్పుడు మనవరాలు గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ క్రియలు బట్టీ పడుతుంది. ఆ ఉచ్చారణ విని బామ్మ చెవులు మూసుకుంటారు.

జనవరి 6న రోస్కా అనే గుండ్రటి రొట్టె అమ్ముతారు, లోపల చిన్న బొమ్మ దాస్తారు. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి, అంటే మొక్కజొన్న పిండిని పొత్తుల పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి. ఈ ఏడు కౌంటర్ దగ్గర రుచికిచ్చిన ముక్కలో బొమ్మ నాకే తగిలింది. బామ్మ వదల్లేదు. మాది అమలాపురం, తమాలెస్ ఏం తెలుసు? పనసాకు దొరికితే పొట్టిక్కలు చేసేదాన్ని. దొరక్క, మొక్కజొన్న పొత్తుల మీది పొరల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెట్టాను. సగం పిండి కుక్కర్ అడుగున తేలింది, నిలిచినవి పద్నాలుగు. డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. బామ్మ ఒకటి విప్పి, వాసన చూసి, తిన్నారు. ఉప్పు తక్కువైందని లైన్లో ఉన్న అందరికీ వినపడేలా చెప్పి, రెండోది విప్పారు.