మూడు లీటర్ల కుక్కర్: నల్గొండలో కొన్నది, ఐదు నెలలుగా బెర్లిన్‌లో కూస్తున్నది

పోయిన సెప్టెంబరులో నల్గొండ ప్రకాశం బజార్‌లో, స్టీలు సామాన్ల షాపులో కొన్నాం. మూడు లీటర్లది, స్టీలుది, అడుగు మందంగా ఉండే ఇండక్షన్ రకం. 2,150 చెప్పాడు, అమ్మ బేరమాడి 1,950కి తెచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ నాకు తెలిసిన ముగ్గురి దగ్గర మూడు కంపెనీల కుక్కర్లు ఉన్నాయి, మూడింటికీ అదే రోగం. ఆ రోగం సంగతి కింద చెప్తాను.

షాపు సేటు, "ఐదు లీటర్లది తీస్కో బిడ్డా, పదిమందికి వండొచ్చు" అన్నాడు. "ఆడ పదిమంది ఎవరున్నరు సేటూ మాకు" అంది అమ్మ. మూడు లీటర్లదే సరైంది. ఒక మనిషికి పొద్దున అన్నం, రాత్రికి పప్పు, ఎవరైనా వస్తే ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ. అంతకంటే పెద్దదైతే ఇక్కడ కడగడానికి సింకులో పట్టదు.

23 కిలోల పెట్టెలో కుక్కరే దాదాపు రెండు కిలోలు తినేసింది. కానీ దాని కడుపు ఖాళీగా పోనిస్తుందా మా అమ్మ? కిలో కందిపప్పు, చింతపండు, కారం, పసుపు అన్నీ అందులోకే కుక్కింది. నానమ్మ పెట్టిన నెయ్యి సీసా మాత్రం రెండుసార్లు పెట్టెలోకి వెళ్లి రెండుసార్లు బయటికొచ్చింది. మన దగ్గర్నుంచి పాలతో, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తీసుకురాకూడదు. మటన్ తొక్కు కూడా అందుకే ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక వాడకం. మా హాస్టల్‌లో ఆరుగురికి ఒకటే వంటగది, గ్యాస్ లేదు, నల్లటి గాజు పలక పొయ్యి. అడుగు చదునుగా ఉంది కాబట్టి కుక్కర్ దానిమీద చక్కగా కూర్చుంటుంది. కానీ మొదటిరోజు ఇంట్లో చేసినట్లే మూడో విజిల్‌కు పొయ్యి కట్టేశాను. కట్టేసినా నాలుగోది వచ్చింది, ఐదోది వచ్చింది. గాజు కింద తీగ ఎర్రగా కాలి ఉంటుంది కదా, ఆపినా వేడి తొందరగా దిగదు. అన్నం అడుగంటింది. అది పక్కన పెడితే, ఆ కూతకు పక్క గదిలోని కొలంబియా అమ్మాయి ఏదో పేలబోతోందనుకుని చెప్పులు కూడా లేకుండా కారిడార్‌లోకి ఉరికింది. ఇప్పుడు ఆమే నా కుక్కర్‌లో శనగలు ఉడకబెట్టుకుంటోంది. నేను రెండో విజిల్‌కే కుక్కర్‌ను పొయ్యి మీదే కాలని పక్క గడికి జరుపుతాను, మిగతాది కుక్కర్‌లో ఉన్న వేడికే ఉడుకుతుంది.

డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. అప్పటికి ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నర, అక్టోబర్ చివర్లో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక తేడా నాలుగున్నర గంటలైంది. ఆ వేళకు వీడియో కాల్ పెట్టి ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనిస్తాను. నేను ఏదో చెప్తూనే ఉంటాను, అమ్మ సగం వింటుంది. మధ్యలో, "మూడైనయ్ బిడ్డా, దించు" అంటుంది. నేను లెక్కపెట్టనే లేదని ఆమెకు తెలుసు.

నవంబర్‌లో కుక్కర్ లోపల తెల్లటి పొర కనబడింది. గోకితే సున్నంలా రాలింది. మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ బోరు నీళ్లతోనే మా నానమ్మ నడుము వంగిపోయింది. మా ఊళ్లో నీళ్ల మీద అనుమానం పుట్టుకతోనే వస్తుంది, కృష్ణా నీళ్లు నల్లాకు వచ్చినా పోలేదు. ఇక్కడ అందరూ నల్లా నీళ్లే తాగుతారు, నేనూ తాగుతున్నాను. భయమేసి రాత్రికి రాత్రే వెతికాను. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, ఇది కాల్షియం, బెర్లిన్ నీళ్లు గట్టివి, అంతే. ఇక్కడివాళ్లు వెనిగర్ పోసి మరిగిస్తారట. అమ్మను అడిగితే, "చింతపండు ఉన్నది కదనే" అంది. ఇంత చింతపండు వేసి పది నిమిషాలు మరిగించాను, అద్దంలా అయింది. ఆ వారం పచ్చిపులుసుకు చింతపండు తక్కువ పడింది, అది వేరే సంగతి.

ఇప్పుడు రోగం: రబ్బరు. మూడు నెలలకే గట్టిపడింది, మూత పక్కనుంచి ఆవిరి పోతుంది, విజిల్ రాదు. సేటు కొన్నరోజే, "రెండు రబ్బర్లు ఎక్స్‌ట్రా తీస్కపో" అని చెప్పాడు. ఒక్కొక్కటి 90 రూపాయలు. వద్దన్నది నేనే. నేను తిరిగిన టర్కీ షాపుల్లో బాస్మతి, ఎర్రపప్పు అన్నీ దొరికాయి, ఈ సైజు రబ్బరు మాత్రం దొరకలేదు. రబ్బరును కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి వేస్తే ఒక పూటకు పట్టుకుంటుంది, మళ్లీ మామూలే. మూత పిడి స్క్రూ కూడా వదులవుతుంది, చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకోండి.

డబ్బు లెక్క చెప్పాలంటే, వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంట్‌లో (ఇక్కడి ఖర్చులకని ముందే వేయించి, నెలకింత అని మాత్రమే తీయనిచ్చే ఖాతా) వేసిన 11,904 యూరోల్లోంచి నెలకు 992 చొప్పున వదులుతారు. అందులోనే అద్దె, ఇన్సూరెన్స్ పోవాలి. బయట ఒక డోనర్ (రొట్టెలో మాంసం పెట్టిచ్చే టర్కీ తిండి) ఏడు యూరోలు. మూడు పూటలు బయట తినకపోతే కుక్కర్ ఖరీదు వచ్చేసినట్లే. ఆదివారం షాపులు బంద్, ఆ రోజు ఇంట్లో పప్పు లేకపోతే మాత్రం కుక్కర్ కూడా ఏమీ చేయలేదు.

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి రబ్బరుకు కోత. వచ్చే నెల సూర్యాపేట అబ్బాయి ఒకరు వస్తున్నారు, అమ్మ ఆయనకు రెండు రబ్బర్లు ఇచ్చి పంపుతోంది. కొనడానికి వెళ్తే సేటు గుర్తుపట్టి, "చెప్పిన్నా లేదా" అని నవ్వాడట. ఈసారి బేరమాడలేదట అమ్మ.