నాలుగు జ్ఞానదంతాలకు కలిపి ప్యాకేజీ అంటే కాస్త ఆగండి

జ్ఞానదంతాలు తీయించుకోబోయేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. ఇది జరిగింది హైదరాబాద్‌లో. క్లినిక్ పేరు రాయడం లేదు, దయచేసి అడగొద్దు.

నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్క పన్నే. కింద కుడివైపు చివర్లో, పక్క పన్ను మీదికి ఒరిగి సగమే బయటికొచ్చింది. దాని మీది చిగురు రెండు నెలల్లో రెండుసార్లు వాచింది. నోరు తెరవలేక పెరుగన్నం కూడా చెంచాతో మింగాను. దాన్ని తీయించక తప్పదు, అందులో నాకు అనుమానం లేదు. పైనున్న రెండూ మాత్రం నిటారుగా వచ్చి, ఏళ్ళ తరబడి బుద్ధిగా తమ పని తాము చేసుకుంటున్నాయి.

క్లినిక్‌లో డాక్టరు నోరు చూసింది రెండు నిమిషాలు. పళ్ళూ దవడలూ అన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీసి, తెర మీద ఒక్క క్షణం చూపించి మూసేశారు. ఆ తర్వాత మాట్లాడింది డాక్టరు కాదు, క్యాలిక్యులేటర్ పట్టుకున్న కోఆర్డినేటర్. "ఒక్కటైతే 12 వేలు సార్. నాలుగూ కలిపితే 32. ఈరోజే కట్టేస్తే 28కి చేయిస్తాను. మిగతావీ ఎలాగూ రేపోమాపో నొప్పి పెట్టేవే కదా." కూరగాయల బండి దగ్గరైనా ఇంకో రెండు మాటలు అడిగేవాణ్ణి. ఇక్కడ నోరెత్తకుండా ఈఎంఐకి కార్డు ఇచ్చేశాను.

పైపళ్ళు పీకిస్తే చూపు పోతుందిరా అని అమ్మ ఫోన్లో ఒకటే గోల. పంటికీ కంటికీ సంబంధం లేదని ఆమెకు పాఠం చెప్పాను. అసలు జాగ్రత్త పడాల్సింది కింది పళ్ళ దగ్గరని నాకెవరూ పాఠం చెప్పలేదు.

కింది దవడ ఎముక లోపల ఒక నరం ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ తెలిసేది దానివల్లే. కొందరిలో జ్ఞానదంతం వేళ్ళు ఆ నరానికి ఆనుకునేంత దగ్గరగా ఉంటాయి. ఓపీజీలో అలా అనిపిస్తే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించి చూస్తారు. మరీ అంటుకుని ఉంటే పన్ను పైభాగం మాత్రం కోసి, వేళ్ళను లోపలే వదిలేసే పద్ధతీ ఉంది, దాన్ని కరోనెక్టమీ అంటారు. ఇదంతా నాకు తర్వాత వేరే సర్జన్ చెప్పారు.

ఆపరేషన్ రోజు వచ్చింది నన్ను చూసిన డాక్టరు కాదు, విజిటింగ్ సర్జన్. ఆయనకు ఇంకో క్లినిక్‌కి వెళ్ళే తొందర. మత్తు సూది వేశాక, పెదవి మొద్దుబారుతుండగా, కుర్చీలోనే ఒక కాగితం ఇచ్చి సంతకం చేయమన్నారు. చదివే ఓపిక ఎవరికుంటుంది? గంటన్నరలో నాలుగూ తీసేశారు. రెండువైపులా కుట్లు పడటంతో ఏ వైపూ నమలడానికి లేదు.

నాలుగో రోజు నొప్పి చెవిదాకా పాకింది, నోట్లో ఒకటే దుర్వాసన. ఫోన్ చేస్తే "మామూలే సార్, మాత్ర వేసుకోండి, డాక్టర్ గారు శనివారం వస్తారు" అన్నారు. ఆరోజు మంగళవారం. వేరే సర్జన్ దగ్గరికి పరిగెత్తాను. డ్రై సాకెట్ అన్నారు. గుంటలో ఉండాల్సిన రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందట. కడిగి, లవంగనూనె వాసనొచ్చే మందు పెట్టారు. గంటలో ప్రాణం కుదుటపడింది.

పెదవి మొద్దు మాత్రం వదల్లేదు. టీ గడ్డం మీదుగా చొక్కా మీదికి కారేదాకా తెలిసేది కాదు. గడ్డం గీసుకుంటుంటే వేరేవాడి ముఖం గీస్తున్నట్టు ఉండేది. మూడో నెలకు చాలావరకు తగ్గింది. రూపాయి బిళ్ళంత మేర ఇంకా చీమలు పాకినట్టుంది.

న్యాయంగా చెప్పాలంటే డ్రై సాకెట్, తిమ్మిరి ఎంత మంచి చేతుల్లోనైనా రావచ్చు. నా కోపం దాని మీద కాదు. ముందు చెప్పకపోవడం మీద, తర్వాత నొప్పని ఫోన్ చేస్తే పట్టించుకోకపోవడం మీద, అవసరం లేని పళ్ళు కూడా అమ్మకపు సరుకైపోవడం మీద. జబ్బులేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2000లోనే చెప్పింది. చిన్న వయసులో తీస్తే తేలిక అనే డాక్టర్లూ ఉన్నారు, వాళ్ళ వాదన వాళ్ళకుంది. ఆ మాటైనా ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరు చెప్పాలి గానీ క్యాలిక్యులేటర్ కాదు.

కాబట్టి ముందు ఓపీజీ కాపీ మీ ఫోన్లోకి తెచ్చుకోండి. నాకు అది రావడానికి రెండు వారాలు పట్టింది. తీసేది ఎవరు, ఓరల్ సర్జరీలో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసినవారేనా, నరం ఎంత దూరంలో ఉందో చూశారా అని అడగండి. సంతకం కాగితం ముందురోజే ఇమ్మనండి. బిల్లులో ఏయే పన్ను తీశారో రాయించుకోండి, నా బిల్లులో "దంత చికిత్స" అని ఒక్క ముక్కే ఉంది. ఖర్చు భయమైతే ఉస్మానియా ఆసుపత్రికి దగ్గర్లో, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. క్యూ ఉంటుంది, కానీ ప్యాకేజీలు ఉండవు.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. క్లినిక్ నుంచి ఇప్పటిదాకా వచ్చింది ఒక్క మెసేజే: పళ్ళు క్లీనింగ్ చేయించుకుంటే సగం ధరట.