14 నెలలు బ్రాహ్మి, 4 నెలలు బి6: నా నిద్ర, నా కలలు

ముందు ఏం వాడానో చెప్పేస్తాను. బ్రాహ్మి ఎక్స్‌ట్రాక్ట్ 300 మి.గ్రా. క్యాప్సూల్ రోజుకొకటి, 14 నెలలు. మధ్యలో 4 నెలల పాటు పడుకునే ముందు విటమిన్ బి6, 100 మి.గ్రా. నాకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక బ్యాంకు ఉద్యోగులు రాసే సీఏఐఐబీ పరీక్షలకు కట్టాను. రాత్రి చదివింది పొద్దునకల్లా జారిపోతుంటే టెన్షన్ పట్టుకుని బ్రాహ్మి మొదలుపెట్టాను. కలల సంగతి అప్పుడు నా మనసులోనే లేదు.

కొనబోయేవాళ్లకు ఒక మాట. మన దగ్గర సరస్వతి ఆకునూ బ్రాహ్మినీ చాలామంది ఒకటే అనుకుంటారు. గుండ్రటి ఆకుల సరస్వతి మొక్క సెంటెల్లా ఏషియాటికా. జ్ఞాపకశక్తి ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది బకోపా మొన్నియెరి, తడి నేల మీద పాకే చిన్న ఆకుల మొక్క. సీసా మీద బకోపా అనీ, బాకోసైడ్స్ (అందులో పనిచేస్తాయనే పదార్థాలు) ఎంత శాతమో రాసి ఉంటేనే తీసుకోండి. నేను మొదట కొన్న పొడి మీద ఆ రెండూ లేవు. ఆ నెలను ఈ లెక్కలో కలపలేదు.

మొదటి పది రోజులు కడుపులో వికారం, విరేచనాలు. పరగడుపున వేసుకోవడం వల్లే. నెయ్యి తగిలిన తిండి తిన్నాక వేసుకుంటే ఆ బాధ పోయింది. చదువులో తేడా మూడో నెలకు గానీ తెలియలేదు. దీని మీద జరిగిన ప్రయోగాలు కూడా చాలావరకు 12 వారాలు నడిపినవే, కాబట్టి పరీక్షకు పది రోజుల ముందు కొనడం దండగ.

కలలు మాత్రం ఐదో వారంలోనే మొదలయ్యాయి. అప్పట్లో రాత్రి భోజనం తర్వాత వేసుకునేదాన్ని. మూడు, నాలుగు గంటల మధ్య మెలకువ వచ్చేది, కల మొత్తం కళ్ల ముందు ఉండేది. తాతగారి ఊళ్లో బావి గిలక చప్పుడు, ఆ పక్కనే మా బ్రాంచి క్యాష్ కౌంటర్, చీర కొంగు తడిసిన చల్లదనం కూడా. ఏళ్ల తరబడి నాకు కలలే రావనుకున్నాను. అవి తిరిగి వస్తుంటే ఎంత సంతోషమేసిందో!

ఆ సంతోషంలోనే బి6 కలిపాను. ఆస్ట్రేలియాలో అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు 240 మి.గ్రా. బి6 వేసుకున్నవాళ్లకు కలలు ఎక్కువగా గుర్తున్నాయి. కలల రంగు, స్పష్టత మాత్రం పెరగలేదు. ఆ ప్రయోగం నడిచింది ఐదు రోజులే. నేను నాలుగు నెలలు వేసుకున్నాను.

నోట్‌బుక్‌లో రోజూ రెండు రాశాను: ఎన్ని కలలు గుర్తున్నాయి, ఎన్నిసార్లు లేచాను. బి6కు ముందు వారానికి రెండు కలలు, వాడుతుండగా ఐదు. కానీ రాత్రి మెలకువలు కూడా ఒకటి నుంచి మూడుకు పెరిగాయి. మధ్యాహ్నం కౌంటర్ దగ్గర కళ్లు మూతలు పడేవి. నిద్ర దెబ్బతింటే చదివింది తలలో నిలవదు, అసలు ఇదంతా మొదలుపెట్టింది అందుకే కదా.

కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారే ముందు గంటల్లో బాగా సాగుతుంది. ఆ నిద్రలోంచి నేరుగా మెలకువ వస్తే కల బాగా చేతికి చిక్కుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మా అమ్మ అంటుంది. ఆ వేళ కలలే ఎందుకు అంతగా గుర్తుంటాయో నాకు ఇప్పుడు అర్థమైంది. రెమ్ నిద్రలో మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఎక్కువగా ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకునే డొనెపెజిల్ అనే అల్జీమర్స్ మందుతో తీవ్రమైన కలలు రావడం తెలిసిన విషయమే. బ్రాహ్మికి కూడా ఆ గుణం కొద్దిగా ఉందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు అలాంటి మందు వాడుతుంటే డాక్టరును అడగకుండా బ్రాహ్మి ఇవ్వకండి.

బి6 మొదలుపెట్టిన నాలుగో నెలలో కాలివేళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. కూర్చున్నా పడుకున్నా చీమలు పాకినట్టే. డాక్టరు గారు వేసుకునేవన్నీ చెప్పమని, బి6 వెంటనే ఆపించారు. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అది నరాలనే దెబ్బతీస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్లకు రోజుకు 12 మి.గ్రా. మించకూడదని హద్దు పెట్టింది. నేను వేసుకున్నది దానికి ఎనిమిది రెట్ల పైనే. తిమ్మిర్లు పూర్తిగా పోవడానికి మూడు నెలలు పట్టింది. నీళ్లలో కరిగే విటమిన్ కదా, ఎక్కువైతే ఒంట్లోంచి పోతుందిలే అన్న మాట దయచేసి నమ్మకండి.

బి6 ఆపాక కలలు వారానికి రెండుకు పడిపోతాయనుకున్నాను. మూడున్నర దగ్గర నిలిచాయి. పెరిగినదాంట్లో సగం నోట్‌బుక్ చలవే అన్నమాట. మెలకువ రాగానే కదలకుండా, కళ్లు తెరవకుండా, చివరి దృశ్యం నుంచి వెనక్కి గుర్తు తెచ్చుకుని తర్వాత పెన్సిల్ అందుకుంటాను. ఫోన్ ముట్టుకుంటే కల పోయినట్టే.

బ్రాహ్మి ఇప్పుడు పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటున్నాను. ఆ ఒక్క మార్పుతో మూడింటి మెలకువ పోయింది. నిన్న బావి గిలక మళ్లీ కలలోకి వచ్చింది, ఐదున్నరకు అలారం మోగేసరికి ఇంకా తిరుగుతూనే ఉంది.