మీటరు లేని నల్ల సైకిలు: ఆరు నెలలు తొక్కాక

నేను కొన్నది పాతకాలపు నల్ల సైకిలు, లేడీస్ మోడల్. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, స్ప్రింగుల సీటు, నిండు చైను కవరు, చున్నీ చిక్కుకోకుండా వెనక చక్రానికి వల. గేర్లు లేవు. కింద కొన్ని తిట్లు ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

బిల్లు రాస్తూ కొట్టతను "స్పీడు మీటరు కూడా పెట్టమంటారాండీ టీచరు గారూ? మూడొందలే" అన్నాడు. వద్దు బాబూ అన్నాను. అది లేకుండా తొక్కాలనే కదా ఈ సైకిలు కొన్నది!

అంతకుముందు రెండేళ్లు 21 గేర్ల సైకిలు తొక్కాను. చేతికి వాచీ, హ్యాండిల్‌కి ఫోను. ప్రతి ఆదివారం రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వెళ్లి రావడం. ఒకసారి వరద రోజుల్లో వెళ్లాను. గేట్లన్నీ ఎత్తేశారు, ఎర్రనీళ్లు హోరుమని దూకుతున్నాయి. జనం బళ్లు ఆపి మరీ చూస్తున్నారు. నేనూ ఆగాను. రెండు నిమిషాలైందో లేదో, వాచీ ఆపలేదని గుర్తొచ్చింది. సగటు వేగం పడిపోయిందని ఇల్లు చేరేదాకా ఒకటే చిరాకు. పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ నా ఆదివారానికి కూడా మార్కులు వేసుకుంటున్నానని ఆ రోజు తెలిసొచ్చింది.

ఈ సైకిలు మీద పోటీ పడదామన్నా కుదరదు. బరువు ఇరవై కిలోల పైమాటే. బ్యారేజీ మీద ఎదురుగాలి వీస్తే పక్కన నడిచేవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లొచ్చు. కానీ హ్యాండిల్ ఎత్తుగా ఉండటంతో నడుం నిటారుగా ఉంటుంది, కళ్లు రోడ్డు మీద కాక నీళ్ల మీద ఉంటాయి. ధవళేశ్వరం పాయకి 70 గేట్లు, ర్యాలి పాయకి 43. రెండేళ్లు వారానికో సెకను తగ్గించుకున్నదాన్ని, ఈ సంగతి మాత్రం ఈ సైకిలు ఎక్కాకే తెలిసింది. లెక్కల టీచర్ని, ఏదో ఒకటి లెక్కపెట్టకుండా ఉండలేను. కొట్లోనే చైను చక్రాల పళ్లు చూశాను: ముందు 44, వెనక 18. ఒకసారి పెడల్ పూర్తిగా తిప్పితే సుమారు అయిదున్నర మీటర్లు. ఆ ఒక్క లెక్కతో ఆపేశాను.

క్యారియర్‌కి మాత్రం నూటికి నూరు. కడియపులంక నర్సరీల నుంచి రెండు మందార కుండీలు పాత ట్యూబు ముక్కతో కట్టి తెచ్చాను, ఒక్క ఆకు రాలలేదు.

ఇక తిట్లు. వారం తిరక్కుండానే పెడల్ కడ్డీ టకటకలాడింది. ఆ కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను వదులు. కొన్నచోటికి వెళితే "కొత్తలో అంతేనండి" అని పంపేశారు. మా వీధి చివర పంక్చర్ల అబ్బాయి కొత్త పిన్ను కొట్టి ముప్పై రూపాయలు తీసుకున్నాడు, మళ్లీ కదల్లేదు. వానలో కడ్డీ బ్రేకుల్ని నమ్మకండి. ఇనప రిమ్ము తడిస్తే రబ్బరు జారిపోతుంది, ఆగాలనుకున్న చోటికి చాలా ముందు నుంచే నొక్కుతూ రావాలి. కొవ్వూరు వైపు రోడ్డు కం రైలు వంతెన ఎక్కాలంటే దిగి నడిపించడమే. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు అలవాటైపోయింది.

సీటు తోలు మెత్తబడటానికి నెల పట్టింది. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. సీటు పూర్తిగా దించినా ఆగినప్పుడు మునివేళ్లే నేలకి ఆనతాయి. పొట్టివాళ్లు కొట్టు ముందే ఒక రౌండు తొక్కి చూశాక డబ్బులివ్వండి.