నార్త్ వేల్స్ కోచ్ టూర్: కోటలు అదుర్స్, టైమే చాలదు

మాంచెస్టర్ నుంచి ఒక్కరోజు టూర్. కాన్వీ ఒక్కటి చూసినా డబ్బులు గిట్టినట్టే, ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టించిన కోట, ఎనిమిది బురుజులూ ఇంకా నిలబడే ఉన్నాయి, ఊరి చుట్టూ ఉన్న గోడ మీద నడుస్తుంటే ఒకపక్క ఇళ్ళ పెరళ్ళు, ఇంకోపక్క నది. దీనికి గంటంపావు ఇచ్చారు, ఏ మూలకి? 1969లో చార్లెస్‌కి వేల్స్ యువరాజుగా పట్టం కట్టిన కార్నార్వన్ కోటా బాగుంది. సెయింట్ ఆసఫ్ కెథెడ్రల్ చిన్నదే, కానీ అక్కడి 1588 నాటి వెల్ష్ బైబిల్ వదలకండి, దాన్ని అనువదించిన విలియం మోర్గన్ తర్వాత అక్కడే బిషప్ అయ్యాడు. కోటల టికెట్లు మాత్రం వేరే కొనాలి, బుకింగ్‌లో ఎక్కడో చిన్నక్షరాల్లో రాశారు! ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే బురుజులు ఎక్కించకండి, మెట్లు బాగా ఇరుకు.