మామిడి జామ్, జామకాయ జెల్లీ: మొదట ఏది మేలు?

మొదటిసారైతే మామిడి జామే. జామ్‌లో గుజ్జంతా ఉంటుంది కాబట్టి పాకం కాస్త తప్పినా రొట్టె మీద నిలుస్తుంది. జెల్లీ ఒట్టి రసం, గడ్డకట్టకపోతే షర్బతే.

గడ్డకట్టాలంటే పెక్టిన్ (పండ్లలో సహజంగా ఉండే, పాకాన్ని గట్టిపరిచే పదార్థం), పులుపు, చక్కెర మూడూ కుదరాలి. జామకాయలో పెక్టిన్ బాగా ఉంటుంది. పండిన మామిడిలో అదీ తక్కువే, పులుపూ తక్కువే. అందుకని ఉలవపాడు బంగినపల్లి గుజ్జు కిలోకి పుల్లటి పచ్చిమామిడికాయ ఒకటి తురిమి కలపండి, లేదా రెండు నిమ్మకాయలు పిండండి. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు చేతికందే చోట నిమ్మఉప్పు కొనే పని లేదు. రసాల రకం మామిడి వద్దు, పీచు.

వెడల్పాటి స్టీలు గిన్నెలో గుజ్జును పది నిమిషాలు ఉడికించి, అప్పుడే 750 గ్రాముల చక్కెర వెయ్యండి. చిక్కబడేకొద్దీ గుజ్జు చిట్లి చేతుల మీద పడుతుంది, పొడుగు గరిటె పట్టుకోండి. అల్యూమినియం గిన్నె పులుపుకి పనికిరాదు. థర్మామీటరుంటే 105 డిగ్రీల దగ్గర దించేయండి. లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన ప్లేటు మీద చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తోయండి. పైన ముడత పడితే అయినట్టే. చూస్తున్నంతసేపూ స్టవ్ ఆపి ఉంచాలి, లేదంటే ఈలోపు ముదిరిపోతుంది.

జెల్లీకి కిలో దోర జామకాయలు ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్లు పోసి, అరగంట సన్నమంట మీద ఉడికించాలి. పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. ఇక్కడే అందరూ తొందరపడి మూట పిండుతారు, జెల్లీ మసకబారిపోతుంది. కారిన రసం ఎన్ని కప్పులైతే అన్ని ముప్పావు కప్పుల చక్కెర, మొత్తానికి ఒక నిమ్మకాయ. లీటరు రసానికి మించి ఒకేసారి పెట్టొద్దు. ఎక్కువసేపు మరిగితే పెక్టిన్ చెడి, ఎంత కాచినా బంకే మిగులుతుంది. గరిటెతో తీసి వంచితే చివరి రెండు చుక్కలు కలిసి రేకులా జారాలి, విడివిడిగా పడితే ఇంకా కాలేదు.

పులుపు మరీ ఎక్కువైతే జెల్లీ నీళ్లు వదులుతుంది. చక్కెర పలుకులు కట్టిందంటే చక్కెర ఎక్కువైనట్టు, లేదా పులుపు చాలనట్టు. జామ్ పలచనైతే మళ్లీ పొయ్యెక్కించి ఇంకో నిమ్మకాయ పిండితే చాలావరకు సర్దుకుంటుంది. జెల్లీకి ఆ వెసులుబాటు తక్కువ.

సీసాలు రెండింటికీ ఒకటే: పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, ఆరబెట్టి, వేడివేడిగా నింపాలి. గ్రానైటు గట్టు మీద మాత్రం పెట్టకండి, చల్లదనానికి పగులుతాయి. కింద మడిచిన గుడ్డ వెయ్యండి.