స్విమ్మింగ్ పూల్ కంట్రోలర్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) ఇచ్చేవాళ్ళు జాగ్రత్త, అలారం నోరు నొక్కేసి రిపేర్ అయిపోయింది అంటున్నారు

కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మన కొంపల్లి సైడ్ అపార్ట్‌మెంట్లలో చాలా పూల్స్ ఒక సర్వీస్ కంపెనీ వాళ్ళే చూస్తారు, పేరు చెప్పక్కర్లేదు. మాకు ఆటోమేటిక్ కంట్రోలర్, అంటే నీళ్ళు చూసి మందులు దానంతటదే కలిపే బాక్స్, పెట్టింది కూడా వాళ్ళే, పీహెచ్‌కి (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం) ఒక ప్రోబ్, ఓఆర్‌పీకి (క్లోరిన్ ఎంత గట్టిగా పనిచేస్తోందో చెప్పే రీడింగ్) ఒక ప్రోబ్, హైపోకి (క్లోరిన్ ద్రావణం) ఒక డోసింగ్ పంపు, అంటే మందుని పైపులోకి తోసేది, యాసిడ్‌కి ఇంకోటి. ఏఎంసీ డబ్బులు ఏడాదివి ముందే లాగేశారు, అది మాత్రం భలే ఆటోమేటిక్.

ఎండలు మొదలయ్యాక ఆ బాక్స్ ఒకటే గోల. ఫ్లో, అంటే పైపులో నీళ్ళ కదలిక, లేదని ఓసారి, మందు తోసే టైమ్ లిమిట్ దాటిందని ఇంకోసారి. ఆపరేటర్ రీసెట్ కొట్టడం, అది మళ్ళీ మొదలెట్టడం. టెక్నీషియన్ వచ్చాడు, కాసేపు లోపల ఏదో కెలికాడు, అయిపోయింది సార్ అన్నాడు. నిజంగానే చప్పుడు లేదు. సంతకం పెట్టి టీ కూడా తెప్పించా మహానుభావుడికి.

మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చింది, మెయిన్ పంపు ట్రిప్ అయి అలాగే ఉండిపోయింది, డోసింగ్ పంపులేమో వేరే లైన్ మీద ఉన్నాయి కాబట్టి నడుస్తూనే ఉన్నాయి. పొద్దున్నే ఆపరేటర్ మెయిన్ పంపు వేశాడో లేదో పూల్‌లోకి నీళ్ళొచ్చే ఇన్‌లెట్ల దగ్గర బుడగలు, గుప్పున ఘాటు, కళ్ళ మంట, ఊపిరాడని దగ్గు. స్విమ్మింగ్ క్లాసు పిల్లలు ఇంకా షవర్ల దగ్గరే ఉన్నారు, నీళ్ళలో దిగలేదు, ఎవరి పుణ్యమో. ఆపరేటర్‌ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సొచ్చింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

మా ఎలక్ట్రీషియన్ బాక్స్ మూత విప్పి నన్ను పిలిచాడు. నీళ్ళు కదులుతున్నాయో లేదో బాక్స్‌కి చెప్పే ఫ్లో స్విచ్ వైర్లు రెండూ పీకేసి టేపు చుట్టి పక్కన పడేసి ఉన్నాయి. వాటి టెర్మినల్స్ మధ్య వేలెడంత ఎర్ర వైరు ముక్క. అంటే పైపులో చుక్క నీరు కదలకపోయినా బాక్స్‌కి మాత్రం ఫ్లో బ్రహ్మాండంగా ఉన్నట్టే! డోసింగ్ టైమ్ లిమిట్ కూడా సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి పెట్టాడు. ఇంకేముంది, ప్రోబ్ దగ్గర నిలిచిపోయిన నీళ్ళలో క్లోరిన్ తగ్గే కొద్దీ ఓఆర్‌పీ పడుతుంది, అది చూసి హైపో తోస్తూనే ఉంటుంది, పీహెచ్ పైన చూపిస్తే యాసిడ్ కూడా తోస్తుంది, ఆ రెండూ ఒకే పైపులో కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసే.

ఆ టెక్నీషియన్‌కి ఫోన్ చేశా. ఏమన్నాడో తెలుసా? "అలారం వస్తోందన్నారు, రాకుండా చేశా. ఇంకేం కావాలి సార్ మీకు?" కనీసం ఆపరేటర్ ఎలా ఉన్నాడని అడగలేదు. కుక్క అరుస్తోందని దాని మూతి కట్టేసి కాపలా జీతం అడిగినట్టుంది. వాళ్ళ ఆఫీసుకి చేస్తే మీవాళ్ళే యాసిడ్ ఎక్కువ పోసుంటారు, ప్రోబులు మార్చాలి, కొటేషన్ పంపుతాం అన్నారు!!

ఇంతకీ అసలు సంగతేంటంటే, వేరే అతన్ని పిలిస్తే ప్రోబులున్న సెల్‌కి (నీళ్ళు వెళ్ళే చిన్న డబ్బా) ముందుండే చిన్న జాలీ ఊడదీసి చూపించాడు, నిండా వెంట్రుకలు, ఇసుక. కడిగి పెట్టి ఫ్లో స్విచ్ మళ్ళీ కలిపితే ఫ్లో అలారం పోయింది. రెండో అలారానికి కారణం హైపో క్యాన్లు ఎండలో పెట్టడం, వేడికి దాని బలం పోతుంది, ఎంత పోసినా రీడింగ్ ఎక్కదు. పైగా మా బోరు నీళ్ళకి పీహెచ్ 8 దాటేసింది, అక్కడ ఉన్న క్లోరిన్ కూడా సరిగ్గా పనిచేయదు. 7.2 నుంచి 7.6 మధ్య ఉంచమన్నాడు. బాక్స్ ఇన్నాళ్ళూ మొత్తుకుంది ఇదే.

ఆ సర్వీస్ వాళ్ళు వచ్చి వెళ్ళేముందు సెల్‌కి నీళ్ళొచ్చే వాల్వ్ మూయించి చూడండి, అలారం రావాలి, డోసింగ్ ఆగాలి, రాకపోతే సంతకం పెట్టకండి. మెయిన్ పంపు ఆగితే డోసింగ్ పంపులకి కరెంటే వెళ్ళకుండా ఎలక్ట్రీషియన్‌తో ఇంటర్‌లాక్ కూడా చేయించుకోండి. రీఫండ్ సంగతి అడిగితే మేనేజర్ లీవ్‌లో ఉన్నాడట.